ఆవిడ అమ్ముతోందిగా, నేనూ మొదలుపెట్టనా?

"అక్కా, అమెరికా వచ్చి ఎనిమిది నెలలైంది. ఇంట్లో ఊరికే కూర్చోలేకపోతున్నా. మా అపార్ట్‌మెంట్లో ఒకావిడ పచ్చళ్ళు అమ్ముతోంది. నేనూ మొదలుపెట్టనా?" డల్లాస్ దగ్గర ఉన్న ఈ 19 ఏళ్ళలో ఎంతమంది అడిగారో!

ముందు మీ వీసా సంగతి చూసుకోండమ్మా. ఉత్త హెచ్‌-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద పని చేయకూడదు, డబ్బు తీసుకుని అమ్మితే అదీ పని చేసినట్టే. ఫోన్లో డబ్బు పంపే జెల్ (Zelle) యాప్‌లో వేసినా, చేతిలో పెట్టినా అంతే. 2015 మే నుంచి కొందరు హెచ్‌-4 వాళ్ళకి ఈఏడీ అనే పని అనుమతి కార్డు ఇస్తున్నారు. మామూలుగా మీవారికి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) అప్రూవ్ అయి ఉండాలి. ఆ కార్డు వస్తే సొంత వ్యాపారం చేసుకోవచ్చు.

ఇక ఆ పచ్చళ్ళావిడ సంగతి. వాళ్ళమ్మ డ్వాక్రా సంఘంలో లెక్కలు రాసేది. కిలో గోంగూరకి నూనె ఎంత, సీసా ఖరీదెంత, ఎవరు బాకీ, అన్నీ ఈవిడ నోటు పుస్తకంలో ఉంటాయి. పైగా ఇంటి అద్దె, ఇన్సూరెన్సు భర్త జీతంలోంచి పోతాయి. మూడు నెలలు లాభం లేకపోయినా పొయ్యి ఆగదు. చీరలమ్మే ఇంకొకావిడకి పుట్టింట్లో బట్టల కొట్టుంది, సరుకు అప్పు మీద వస్తుంది. మగ్గం వర్క్ చేసే అమ్మాయికి ఇవేవీ లేవు. భర్త హోటల్లో వంట చేస్తాడు, ఆమె కుట్టిన జాకెట్ల డబ్బుతోనే అద్దె. పెళ్ళిళ్ళ సీజన్ అయిపోతే టెన్షన్. బయటి నుంచి చూస్తే ముగ్గురూ "ఇంట్లోంచి బిజినెస్" చేస్తున్నట్టే ఉంటారు. మీరు ఎవరిలాంటివారో మీకే తెలియాలి.

టెక్సాస్‌లో ఇంట్లో వండి అమ్మడానికి కాటేజ్ ఫుడ్ చట్టం ఉంది. ఫుడ్ హ్యాండ్లర్ కోర్సు చేయాలి, సీసా మీద లేబుల్ అంటించాలి. 2025 సెప్టెంబరు నుంచి ఏడాదికి లక్షా యాభై వేల డాలర్ల దాకా అమ్ముకోవచ్చు. మనవాళ్ళు ఎవరూ అంతదాకా పోరనుకోండి! మాంసం, చేపలు, రొయ్యలు మాత్రం ఈ చట్టం కిందికి రావు. మనవాళ్ళు అడిగేదేమో చికెన్ పచ్చడే. పోయిన సంక్రాంతికి ఆ పచ్చళ్ళావిడకి పన్నెండు సీసాల ఆర్డరొచ్చింది. "మా ఇంట్లోకి చేసుకుంటా గానీ అమ్మను వదినా" అనేసింది. వాళ్ళకి ఉసిరికాయ పచ్చడి అంటగట్టింది.

ఈసారి ఫోన్ చేసినప్పుడు పచ్చడి రుచి తర్వాత, ముందు ఆ ఈఏడీ కార్డు మీద ఎక్స్‌పైరీ తేదీ చెప్పండి.