ఫిలిప్పీన్స్ భాషలకు స్పానిష్ తల్లి కాదు

"మా తమ్ముడు ఎంబీబీఎస్‌కి ఫిలిప్పీన్స్ వెళ్తున్నాడు, అక్కడి భాష స్పానిష్ నుంచి పుట్టిందట కదా, ముందే స్పానిష్ నేర్పించమంటారా?" అని అడిగారు. వద్దు. అక్కడి దవావో నగరంలో చదివి, అక్కడి వార్డుల్లో పనిచేసి వచ్చినవాణ్ణి కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. స్పెయిన్ వాళ్లు 1565లో సెబూలో పాగా వేశారు, 1898లో వదిలిపోయారు. ఆ మూడు శతాబ్దాల పైచిలుకు కాలంలో వాళ్ల మాటలు కుప్పలుతెప్పలుగా వచ్చి చేరాయి. భాష మాత్రం వాళ్లది కాదు.

అలా అనిపించడానికి కారణం ఉంది. అక్కడ టైం చెప్పినా, బజార్లో ధర చెప్పినా ఎక్కువగా స్పానిష్ అంకెలే వినిపిస్తాయి. బల్ల లమేసా, కిటికీ బింతానా, చెంచా కుచారా. కొత్తగా దిగినవాడి చెవిన ముందు పడేవి ఇవే. ఆసుపత్రిలో అడుగుపెడితే కథ మారిపోతుంది.

ఒక రాత్రి క్యాజువాలిటీలో ఉండగా ఇండోనేషియా నావికుణ్ణి ఒకతన్ని తీసుకొచ్చారు. నడుము పక్కన అదిమిపట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. ఇంగ్లీషు ముక్క రాదు. నేను ఫోన్‌లో అనువాదం వెతుక్కుంటుంటే, నర్సు తన బిసాయాలోనే మొదలుపెట్టేసింది. (దవావోలో జనం ఎక్కువగా మాట్లాడేది సెబువానో, అక్కడ దాన్ని బిసాయా అంటారు.) "సకిత్?" అంది. "సకిత్, సకిత్" అన్నాడు. నొప్పికి ఇద్దరిదీ ఒకటే మాట. అతను ఐదు వేళ్లు చూపించి "లిమా హరి" అన్నాడు. లిమా అంటే ఐదు, అది ఆమెకీ ఐదే. హరి దగ్గర ఆగిపోయింది. అతని భాషలో హరి అంటే రోజు, ఆమె భాషలో రాజు. అతను తల కింద చెయ్యి పెట్టుకుని పడుకున్నట్టు, లేచినట్టు చూపించాక అర్థమైంది. ఆ తర్వాత నడుము పొడిచి చూపిస్తూ "బతు" అన్నాడు. ఆమె వెంటనే నా వైపు తిరిగి "బతో" అంది. రాయి. ఇదివరకు కూడా రాయి వచ్చిందని చెబుతున్నాడన్నమాట. స్కాన్ తీస్తే మూత్రనాళంలో రాయే ఉంది. ఎప్పుడూ కలవని ఇద్దరు మనుషులు నా ఎదురుగా కేసు హిస్టరీ సగం తేల్చేశారు. ఇందులో స్పానిష్ ఒక్క ముక్క లేదు.

ఇది కాకతాళీయం కాదు. బిసాయా, ఇండోనేషియన్ రెండూ ఆస్ట్రోనేషియన్ కుటుంబం భాషలే. పన్నెండు వందలకు పైగా భాషలున్న కుటుంబం అది, మడగాస్కర్ నుంచి ఈస్టర్ దీవి దాకా పరుచుకుంది. కన్ను ఫిలిప్పీన్స్‌లో మత, మలయ్‌లో (ఇండోనేషియన్ దాని రూపమే) మత, హవాయీలో మక. కాలేయం ఫిలిప్పీన్స్‌లో అతాయ్, మలయ్‌లో హతి, మడగాస్కర్‌లో అతి. ఈ కుటుంబానికి పుట్టిల్లు తైవాన్ అని చాలామంది భాషావేత్తలు ఒప్పుకుంటారు. భాషావేత్త రాబర్ట్ బ్లస్ట్ లెక్కలో దీనికి పది మూల శాఖలు, వాటిలో తొమ్మిది తైవాన్‌లోనే ఉన్నాయి. మిగిలిన ఒక్క శాఖే సుమారు నాలుగు వేల ఏళ్ల కిందట పడవలెక్కి ఫిలిప్పీన్స్ చేరి, అక్కడి నుంచి సముద్రమంతా పాకింది. ఈనాటికీ తైవాన్‌ ఆగ్నేయాన ఉన్న ఆర్కిడ్ దీవిలోని తావో జనం భాషకు దగ్గరి చుట్టం ఫిలిప్పీన్స్ ఉత్తర కొసన బతానెస్ దీవుల్లో మాట్లాడే ఇవతన్.

నన్నడిగితే మాటలకన్నా వ్యాకరణమే అసలు సాక్ష్యం. తెలుగులో ప్రత్యయం ధాతువు చివర చేరుతుంది. మనీలా వైపు మాట్లాడే టగాలోగ్‌లో ధాతువు పొట్టలోకి కూడా దూరుతుంది. తినడానికి ధాతువు కాయిన్. తిన్నవాడి మీద దృష్టి ఉంటే కుమాయిన్, తిన్న వస్తువు మీద ఉంటే కినాయిన్. తైవాన్‌లోని పైవాన్ భాషలోనూ ధాతువు కన్, తినడం కెమన్, అదే పద్ధతి. ఇలాంటిది స్పానిష్‌లో చూపించమనండి! స్పానిష్ నుంచి నిజంగా పుట్టింది జాంబోవాంగా వైపు మాట్లాడే చవకానో, అదొక్కటే.

అరువు మాటలు చూసి తల్లి ఎవరో తేల్చేయడం మనవాళ్లకి పాత జబ్బు. టగాలోగ్‌లో గురో, ముఖా, దుఖా ఉన్నాయని "అదీ సంస్కృతమే" అంటూ వాట్సాప్‌లో తిప్పేవాళ్లు నాకు రోజూ తగులుతారు. తెలుగు మీదా ఇదే మాట అనేవారు. 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో మద్రాసులో పనిచేసిన ఇంగ్లీషు అధికారి ఎల్లిస్ తెలుగు ధాతువుల్ని తమిళ, కన్నడాల పక్కన పెట్టి, ఇది సంస్కృతం నుంచి పుట్టింది కాదని చూపించాడు. రెండు వందల ఏళ్లు దాటినా మనకి ఎక్కలేదు.

ఇంకో బాధ కన్సల్టెన్సీలతో. "అక్కడ అందరికీ ఇంగ్లీషొచ్చు, భాష సమస్యే లేదు" అని మాకు చెప్పి పంపారు. క్లాసులో నిజమే. పల్లె నుంచి వచ్చిన ముసలమ్మ మంచం దగ్గర ఇంగ్లీషు ఎందుకూ పనికిరాదు. మనవాళ్లలో చాలామంది నాలుగు మాటలు కూడా రాకుండానే పట్టా పుచ్చుకుని వచ్చేస్తారు, అది నాకు నచ్చదు.

మీ తమ్ముడు దవావో, సెబూ వైపు వెళ్తుంటే బిసాయా, మనీలా వైపైతే టగాలోగ్ మొదటి ఏడాదే మొదలుపెట్టమనండి. ఒక చోట మనకు సుళువు కూడా. బిసాయాలో కితా, కామీ అని ఉంటాయి, అచ్చం మన మనం, మేము లాగే వాడతారు. ఇంగ్లీషు మాత్రమే వచ్చినవాళ్లు నెలల తరబడి తడబడే చోట మనం మొదటి వారంలోనే దాటేస్తాం.