జబ్బు లేని పిల్లవాడు జబ్బు అంటిస్తాడా?

ప్రశ్న: మా మనవడికి మూడేళ్లు. పోలియో సూదులు, చుక్కలు అన్నీ కార్డు ప్రకారం వేయించాము. అయినా పల్స్ పోలియో ఆదివారం ఆశా కార్యకర్త మళ్లీ చుక్కలు వేయాలని పట్టుబట్టి, వాడి వల్ల ఇతర పిల్లలకు వైరస్ అంటవచ్చునని అన్నది. మా అబ్బాయికి కోపం వచ్చింది. జలుబైనా లేని పిల్లవాడు పోలియో ఎలా అంటిస్తాడు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ అబ్బాయికి కోపం రావడం సహజమే గాని, ఆమె చెప్పినది నిజం. పోలియో అనగానే కాలు చచ్చుబడిన బిడ్డ మన కళ్ల ముందు మెదులుతుంది. అయితే వైరస్ సోకిన సుమారు 200 మందిలో ఒక్కరికి మాత్రమే పక్షవాతం వస్తుంది. నూటికి 70 మందిలో అసలు ఏ లక్షణమూ కనబడదు. ఆ వైరస్ పేగుల్లో పెరుగుతూ, ఆడుతూ పాడుతూ తిరిగే పిల్లల మలంలో కూడా కొన్ని వారాల పాటు బయటికి వస్తుంది. పిల్లవాడికి కడిగిన చేతిని సబ్బుతో తోముకోకుండా ఇంకో బిడ్డకు అన్నం కలిపి పెడితే, ఆ ముద్దతోపాటే వైరస్ కూడా లోపలికి పోతుంది.

సూది మందు రక్తంలో రక్షణ కల్పించి పక్షవాతం రాకుండా బాగా కాపాడుతుంది గాని, పేగుల్లో వైరస్ పెరగకుండా అంతగా ఆపలేదు. ఆ పని చుక్కలు చేస్తాయి. చిటికెన వేలిపై మార్కరు గుర్తు పెట్టి మరీ ఇంటింటికీ తిరగడం అందుకే.

2011 జనవరిలో హావ్‌డా జిల్లాలో బయటపడిన కేసు తరువాత మన దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల ఎవరికీ జబ్బు రాలేదు. అయినా నిఘా ఆపలేదు. 2016లో హైదరాబాదు అంబర్‌పేట మురుగునీటిలో, చుక్కల మందులోని బలహీన వైరస్ నుంచి మార్పు చెందిన రెండవ రకం పోలియో వైరస్ దొరికింది. దాని వల్ల ఏ బిడ్డకూ కాళ్లు పడిపోయినట్లు తేలకపోయినా, అది ఎవరో ఒకరి పేగుల్లోంచి వచ్చినదే కదా! రెండవ రకం చుక్కలను ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ఉపసంహరించినందున, జూన్‌లో హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు సూది మందే వేశారు.

ప్రశ్న: పాపకు ఆటలమ్మ పొక్కులు కనబడిన రోజే వేరే గదిలో ఉంచాము. అయినా రెండు వారాలకు బాబుకూ వచ్చింది. ఎందుకు?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: పొక్కులు తేలడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఆటలమ్మ అంటుకుంటుంది. పాప మామూలుగా ఉన్న ఆ రోజుల్లోనే బాబుకు సోకి ఉంటుంది. ఇంట్లో గర్భిణి ఉండి, ఆమెకు ఇదివరకు ఆటలమ్మ రాకుండా, టీకా కూడా వేయించుకోకుండా ఉంటే, జ్వరం కోసం ఎదురుచూడకుండా ఈ రోజే వైద్యునికి చూపించండి.