వచ్చినవాళ్ళతోనే మొదలుపెట్టండి

ఊరి గుడి కోసం భక్తి నాటకం వేయిస్తున్నాను, ఒప్పుకున్నవాళ్ళే రిహార్సల్‌కి రావట్లేదు, వదిలేయాలనిపిస్తోంది అని అడిగారు. మా రామాలయం దగ్గర శ్రీరామనవమికి ఆరేళ్ళుగా ప్రహ్లాదుడి కథ ఆడిస్తున్నానండీ, మీ బాధ నాకు బాగా తెలుసు.

మొదటి ఏడాది అందరూ వచ్చేదాకా ఆగేవాణ్ణి. ఏడున్నరకి వస్తామన్నవాళ్ళు తొమ్మిదికి వచ్చేవాళ్ళు, ఈలోగా టైముకి వచ్చిన ఇద్దరు ముగ్గురు విసుగెత్తి వెళ్ళిపోయేవాళ్ళు. ఇప్పుడలా కాదు, ఏడున్నర అయ్యిందంటే హార్మోనియం మీద శ్రుతి పెట్టించేస్తాను. ప్రహ్లాదుడు వేసే పిల్లాడొక్కడే ఉన్నా సరే, మిగతా పాత్రలన్నీ నేనే చదువుతాను. పద్యం వీధిలోకి వినబడితే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి వస్తారు. ఇంకోటి, నాటకం కాగితాలు మొదటిరోజే స్వామి పాదాల దగ్గర పెట్టించి, తారీకు మైకులో చెప్పించేస్తాను. ఆ తర్వాత మానేద్దామా అన్న ఆలోచనే రాదు, ఎవరితో ఆడించాలన్నదే మిగులుతుంది.

రానివాళ్ళని అందరిముందూ అనకండి. మర్నాడు పొద్దున్నే ఇంటికెళ్ళి, వాళ్ళిచ్చిన టీ తాగి, ఆ సీను ఒక్కసారి చెప్పించుకుని వచ్చేయండి.

ముఖ్య వేషానికి మాత్రం ఇద్దరిని తయారుచేయాల్సిందే. రాయబారం నాటకాల్లో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని వేషం పంచుకోవడం మనకి ఎప్పటినుంచో ఉన్నదే కదా, కాబట్టి ఎవరూ చిన్నతనంగా అనుకోరు.

ఒక ఏడాది సరిగ్గా నాటకం రోజే మా హిరణ్యకశిపుడి పొలానికి దాళ్వా కోత మిషన్ వచ్చింది. పైన మబ్బు. ధాన్యం తడిస్తే ఆ కుటుంబం ఏమైపోవాలి, వదిలేసి రమ్మని ఏ నోటితో అంటాం? రెండో ఆయనకే వేషం కట్టాం. తల చిన్నది, కిరీటం లోపల తువ్వాలు మడిచి పెడితేగానీ నిలవలేదు. నాకు ఒకటే టెన్షన్. స్తంభం సీను ఇంకో పది నిమిషాలుందనగా అసలాయన తెర వెనక్కి వచ్చాడు, మెడ నిండా వడ్ల నూగు, "మాస్టారూ, గద ఇలా ఇవ్వండి" అన్నాడు. రంగు పూసే టైం లేదు. మొహం కడిగించి, తువ్వాలు తీసేసి అదే కిరీటం పెట్టాం. ఆ రాత్రి స్తంభం పగిలినప్పుడు ముందు వరసలో ముసలమ్మలందరూ చేతులు జోడించారండీ.