వంద రూపాయల కాగితం మీద విడాకులు అవుతాయా?

ప్రశ్న: మాది జడ్చర్ల దగ్గర పల్లె. పెళ్లయి 7 ఏళ్లు, పాపకు 4 ఏళ్లు. మా ఆయన పుణేలో సెంట్రింగ్ మేస్త్రి. తాగి కొడుతుంటే తట్టుకోలేక రెండేళ్ల కింద పాపను తీసుకుని తల్లిగారింటికి వచ్చిన. పోయిన దసరాకు పెద్దమనుషులు పంచాయితీ పెట్టి, 100 రూపాయల స్టాంపు కాగితం మీద ‘ఇద్దరం ఇష్టపూర్వకంగా విడిపోతున్నాం, ఇకమీదట ఒకరి మీద ఒకరికి ఏ హక్కూ లేదు’ అని రాయించి నాతో సంతకం పెట్టించిన్రు. లక్షన్నర ఇప్పిస్తమని 70 వేలే చేతికిచ్చిన్రు. నా 5 తులాల బంగారం అత్తగారింట్లనే ఉంది. ఇప్పుడు ఆయనకు వేరే సంబంధం చూస్తున్నరట. అడిగితే, ‘కాగితం అయిపోయింది కదా, మన కులంలో ఇట్లనే విడిపోతరు’ అంటున్నరు. ఆ కాగితం చెల్లుతదా? పాపకు ఖర్చులు అడగొచ్చా? వకీలును పెట్టుకునే స్తోమత నాకు లేదు.

జవాబు: చెల్లెమ్మా, సూటిగా చెబుతాను. మీరు షెడ్యూల్డ్ తెగల వారు కాకపోతే, ఆ కాగితంతో మీకు విడాకులు కాలేదు. ఈ రోజుకీ మీరు అతని భార్యే. పాపకు ఖర్చులు అడగొచ్చు, మీకూ అడగొచ్చు. వకీలుకు మీరు ఒక్క రూపాయి ఇవ్వనక్కర్లేదు.

హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది. దాని ప్రకారం పెళ్లి రద్దు కావాలంటే కోర్టు డిక్రీ, అంటే కోర్టు ఇచ్చే ఉత్తర్వు ఉండాలి. ఊరి పెద్దలు ఎంత మంచివాళ్లయినా, సర్పంచ్ సంతకం ఉన్నా, ఆ అధికారం వాళ్లకు లేదు. నోటరీ ముద్ర వేయించినా అంతే. నోటరీలు పెళ్లి పత్రాలు, విడాకుల పత్రాలు చేయకూడదని 2024 అక్టోబరులో కేంద్ర న్యాయ శాఖ మళ్లీ గట్టిగా చెప్పింది కూడా.

‘మన కులంలో ఇట్లనే’ అన్న మాటకు చట్టంలో కొంత చోటుంది. హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ ఆచారం ప్రకారం జరిగే విడాకులను కాపాడుతుంది. అయితే ఆ కులంలో అలాంటి ఆచారం చాలా కాలంగా, తెగకుండా, ఒకే తీరుగా నడుస్తున్నదని సాక్ష్యాలతో రుజువు చేయాలి. ఆ భారం ఆచారం ఉందన్న వాళ్ల మీదే పడుతుంది. పంచాయితీలో నలుగురు కూర్చుని రాసుకున్నంత మాత్రాన అది ఆచారం అయిపోదు. ఎక్కువ కేసుల్లో ఈ వాదన నిలబడదు. మీరు లంబాడా, చెంచు లాంటి షెడ్యూల్డ్ తెగల వారైతే మాత్రం లెక్క మారుతుంది. ఆ తెగలకు హిందూ వివాహ చట్టం దానంతట అది వర్తించదు, తెగ ఆచారాన్నే చూస్తారు. మీ కులం ఏదో ఉత్తరంలో రాయలేదు. వకీలును కలిసినప్పుడు మొదట ఆ మాట చెప్పండి. ఏ కులమైనా, ఏ మతమైనా భరణం అడిగే హక్కు మాత్రం మీకుంటుంది.

ఇక ఆ కాగితం సంగతి. చెల్లదని తెలియగానే కోపంతో చించేస్తారేమో, ఆ పని చేయకండి. మీ దగ్గర లేకపోతే ఎట్లాగైనా దాని జిరాక్స్ గాని, ఫోన్లో ఫోటో గాని సంపాదించండి. ఇలాంటి కాగితం నా టేబుల్ మీదికి వస్తే నేను మొదట స్టాంపు వెండర్ రాసిన వివరాలు చూస్తాను. స్టాంపు ఏ తేదీన అమ్మారో, ఎవరి పేరు మీద కొన్నారో, ఎవరి కోసం కొన్నారో అందులో ఉంటుంది. ఒక్కోసారి పంచాయితీ దసరాకు జరిగిందంటారు, స్టాంపు ఆ తర్వాత పది రోజులకు కొన్నట్టు ఉంటుంది. లేదంటే పంచాయితీకి నాలుగు రోజుల ముందే అతని అన్న పేరు మీద కొన్నట్టు ఉంటుంది. అంటే మీరు ఒప్పుకోకముందే మీ విడాకులు నిర్ణయమైపోయాయన్న మాట. రాసిన చేయి ఎవరిది, మీ సంతకం పక్కన వేలిముద్ర కూడా పెట్టించి ఉంటే ఎందుకు, చివర్లో ‘అన్నీ ముట్టినవి’ అన్న వాక్యం వేరే పెన్నుతో ఉంటే ఎందుకు, ఇవన్నీ కోర్టులో పనికొస్తాయి.

ఆ కాగితంలో మీకు నిజంగా ప్రమాదమైన మాట ఒకటుంది. ‘ఇష్టపూర్వకంగా’ అన్నది. పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసుల విధాన చట్టం) 125వ సెక్షన్ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ వచ్చింది. భార్య, పిల్లలు, తల్లిదండ్రులు భరణం అడిగేది దీని కిందే. ఇద్దరి ఇష్టంతో విడిగా ఉంటున్న భార్యకు భరణం రాదని అందులో ఒక మాట ఉంది. మీరు కేసు వేసిన రోజే అవతలి వకీలు ఈ కాగితం తీసి ఆ మాట మీదే వేలు పెడతారు. దానికి జవాబు ఇప్పుడే సిద్ధం చేసుకోండి. మీరు ఇల్లు విడిచింది దెబ్బలకు తాళలేక. సంతకం పెట్టింది నలుగురి మధ్య, వేరే దారి లేక. ఈ రెండూ రుజువైతే ‘ఇష్టపూర్వకంగా’ అన్న మాటకు బలం ఉండదు. భరణం హక్కును ఒప్పందం రాసి వదులుకున్నా ఆ ఒప్పందం చెల్లదని కోర్టులు చాలాసార్లు చెప్పాయి. పాప విషయంలో అయితే ఈ వాదనకే తావు లేదు. పాప హక్కును మీరు కూడా రాసిచ్చేయలేరు.

అందుకే ఈ రాత్రికే ఒక నోట్‌బుక్ తీసుకుని గుర్తున్నదంతా రాసిపెట్టుకోండి. పంచాయితీ ఎవరి ఇంటి ముందు జరిగింది, ఎవరెవరు కూర్చున్నారు, ఎన్ని గంటలకు సంతకం పెట్టించారు, ‘పెట్టకపోతే’ అని ఎవరేమన్నారు, పెద్దమనుషులు ఇరువైపులా పైసలు డిపాజిట్ పెట్టించుకున్నారా, ఆ పైసలు ఇప్పుడు ఎవరి దగ్గరున్నాయి. దెబ్బలకు సర్కారు దవాఖానకు పోయి ఉంటే ఆ చీటీలు, అప్పటి ఫోటోలు, అతని మెసేజ్‌లు, ఇల్లు విడిచినప్పుడు మిమ్మల్ని ఆటోలో తీసుకొచ్చి ఉంటే ఆ ఆటో అతని పేరు కూడా. ఆరు నెలలు పోతే వీటిలో సగం మరచిపోతారు. పెద్దమనుషుల్లో సగం మంది ‘మాకు గుర్తులేదు’ అంటారు.

వకీలు గురించి ఇంత దిగులు పడాల్సిన పని లేదు. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987లో వచ్చింది. దాని 12వ సెక్షన్ ప్రకారం మహిళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఇన్‌కమ్ సర్టిఫికెట్ తెమ్మని ఎవరైనా తిప్పితే, మహిళలకు అది అవసరం లేదని మీరే చెప్పండి. మహబూబ్‌నగర్ జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. మండల స్థాయిలో కోర్టు ఉన్న చోట మండల న్యాయ సేవా కమిటీ ఉంటుంది. తెల్లకాగితం మీద మీ కష్టం నాలుగు ముక్కల్లో రాసి, ఆధార్ జిరాక్స్ పెట్టి ఇస్తే చాలు. రాయడం రాకపోతే అక్కడి వాళ్లే రాసిపెడతారు. 15100కు ఫోన్ చేసినా దారి చూపిస్తారు. సంస్థ ప్యానెల్‌లో, అంటే వాళ్ల జాబితాలో ఉన్న ఒక వకీలును మీకు ఇస్తారు. ఆయన ఫీజు, కోర్టు ఫీజు, నకళ్ల ఖర్చు సంస్థే చూసుకుంటుంది. ఫ్రీ వకీలు కదా అని ఎవరైనా పక్కకు పిలిచి పైసలు అడిగితే ఇవ్వకండి, సంస్థ సెక్రటరీకి చెప్పండి. సెక్రటరీ అంటే గుమాస్తా కాదు, జడ్జి. మీ వకీలు సరిగా పట్టించుకోకపోతే మార్చమని కూడా ఆయన్నే అడగొచ్చు. చాలామంది ఆడవాళ్లు ఇది తెలియక వాయిదాకు రాని వకీలుతోనే ఏళ్ల తరబడి నెట్టుకొస్తారు. నాకు చాలా బాధనిపించే విషయం ఇది.

మొదట వేయాల్సింది భరణం కేసు. దీనికోసం పుణేకు పోనక్కర్లేదు. మీరు ఉంటున్న చోటే వేయొచ్చు. ఫ్యామిలీ కోర్టులోనా, మేజిస్ట్రేట్ కోర్టులోనా అన్నది మీ ఊరి పరిధిని బట్టి వకీలు చూస్తారు. కేసుతో పాటే మధ్యంతర భరణం, అంటే కేసు తేలేదాకా ఇచ్చే భరణం పిటిషన్ తప్పకుండా వేయించండి. నోటీసు అందిన 60 రోజుల్లో దాన్ని వీలైనంత వరకు తేల్చాలని చట్టంలోనే ఉంది. నిజం చెప్పాలంటే అన్నిసార్లూ అట్లా జరగదు. వలస పోయిన మొగవాళ్ల కేసులు ఎక్కువగా ఆగిపోయేది నోటీసు దగ్గరే. ఈ నెల ఒక సైటు, వచ్చే నెల ఇంకో సైటు. నోటీసు ‘అడ్రసులో లేడు’ అని తిరిగొస్తుంది, వాయిదా రెండు నెలలు పోతుంది. కాబట్టి ఊరి ఇంటి అడ్రసు, పుణేలో ఉండే గది అడ్రసు, అతన్ని పనిలోకి తీసుకెళ్లిన గుంపు మేస్త్రి పేరు, వాట్సాప్ నంబర్ అన్నీ పిటిషన్లోనే ఇవ్వండి. పాలమూరు లేబర్ ఎక్కడున్నా పీర్ల పండుగకో, దసరాకో, కురుమూర్తి జాతరకో ఊరికి వస్తారు. అతను ఊళ్లో ఉండే రోజులు ముందే వకీలుకు చెబితే ఆ రోజుల్లో నోటీసు చేతికి అందేలా చూస్తారు.

‘నాకు సంపాదన లేదు’ అని అతను అంటాడు. మేస్త్రికి జీతం చీటీ ఉండదు కాబట్టి అట్లా అనడం సులువు. ఒంట్లో సత్తువ ఉన్న మనిషి కూలి చేసైనా భార్యాపిల్లలను పోషించాల్సిందేనని సుప్రీంకోర్టు 2022లో స్పష్టంగా చెప్పింది. 2020 నాటి మరో తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం రాసి అఫిడవిట్ (ప్రమాణ పత్రం) ఇవ్వాలి. భరణం కూడా పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్క కడతారు. అందుకే ఆలస్యమైన ప్రతి నెలా మీకే నష్టం. అతను చెల్లెలి పెళ్లికి ఫోన్‌పేలో పంపిన డబ్బు, కొత్త బండి, చిట్టీ, ఇంటి మీద వేసిన స్లాబు, ఇవన్నీ సంపాదనకు రుజువులే. మీరు కూడా ఏదీ దాచకండి. 70 వేలు తీసుకున్నది చెప్పండి. పత్తి ఏరడానికి పోతే వచ్చే కూలి కూడా చెప్పండి. కూలికి పోతున్నంత మాత్రాన భరణం పోదు, దాచినట్టు బయటపడితే మాత్రం జడ్జి మీ మాటను నమ్మడం మానేస్తారు. ఆర్డర్ వచ్చాక కట్టకపోతే వారంటు వేయించొచ్చు, బాకీపడ్డ ఒక్కో నెలకు ఒక నెల వరకు జైలు ఉంటుంది. బాకీ పడ్డ ఏడాదిలోపే ఆ పిటిషన్ వేయాలి, గుర్తుంచుకోండి.

బంగారం మీది. తల్లిగారు పెట్టినది స్త్రీధనం, అంటే పూర్తిగా మీ సొంత ఆస్తి. ‘అన్నీ ముట్టినవి’ అని రాసినా, ముట్టకపోతే ముట్టనట్టే. షాపు రసీదు, పెళ్లి ఫోటోల్లో మీ ఒంటి మీద ఉన్న నగలు వెతికి పెట్టుకోండి. గృహహింస చట్టం, 2005 కింద కేసు వేస్తే బంగారం వాపసు, రక్షణ ఉత్తర్వు, దెబ్బలకు నష్టపరిహారం ఒకే పిటిషన్లో అడగొచ్చు. కొట్టి వేధించినందుకు క్రిమినల్ కేసు పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం, మిమ్మల్ని తొందరపెట్టను. కానీ దానికి మూడేళ్ల గడువు ఉంటుంది. మీరు ఇల్లు విడిచి రెండేళ్లు దాటాయి, ఆలోచించుకోవడానికి ఉన్న సమయం తక్కువే.

పాప మీ దగ్గరే ఉంటుంది. ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని చట్టమే చెబుతుంది. ఐదు దాటిన రోజే వచ్చి తీసుకుపోతారన్న భయం వద్దు, అప్పుడూ కోర్టు పాప మంచినే చూస్తుంది.

మీకు కూడా ఈ బంధం వద్దనిపిస్తే, సరైన విడాకులకు దారి ఉంది. ఏడాదికి పైగా విడిగా ఉంటున్నారు కాబట్టి హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద ఇద్దరూ కలిసి పిటిషన్ వేయొచ్చు. పిటిషన్ వేశాక ఆగాల్సిన ఆరు నెలల గడువును తగిన కారణం ఉంటే కోర్టు మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అతనికి ఇప్పుడు విడాకులు మీకన్నా ఎక్కువ అవసరం, ఇంకో పెళ్లి చేసుకోవాలి కదా. పాప పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్, మీకు ఒకేసారి ఇచ్చే భరణం, బంగారం, ఇవన్నీ పిటిషన్లో రాసి, డబ్బు కోర్టు ద్వారా చేతికి వచ్చాకే చివరి సంతకం పెట్టండి. ఇదంతా లోక్ అదాలత్‌లో, అంటే రాజీ కుదిర్చే కోర్టులో మాట్లాడుకోవచ్చు. కాకపోతే అక్కడి అవార్డు (తీర్పు) మీద అప్పీలు ఉండదు, కాగితం పూర్తిగా చదివించుకుని, అర్థమయ్యాకే ఒప్పుకోండి.

డిక్రీ లేకుండా అతను మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు. భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద 7 ఏళ్ల వరకు జైలు పడొచ్చు. మీకు ఎవరైనా సంబంధం తెస్తే ఇదే చట్టం మీకూ వర్తిస్తుంది, ఆ కాగితాన్ని నమ్మి తొందరపడకండి. ఆ అమ్మాయి తల్లిదండ్రులకు బహుశా మీ సంగతి పూర్తిగా తెలిసి ఉండదు. వకీలుతో అతనికి, వాళ్లకు నోటీసు పంపిస్తే చాలాసార్లు పెళ్లి అక్కడికక్కడే ఆగిపోతుంది, ఆమె బతుకూ మిగులుతుంది. అప్పటికీ ఆగకపోతే పెళ్లి కార్డు, ఫోటోలు, తాళి కట్టిన వీడియో, పెళ్లి చేయించిన అయ్యవారి పేరు సేకరించండి. ఇద్దరూ కలిసి ఉంటున్నారంటే కోర్టుకు సరిపోదు, పెళ్లి తంతు జరిగినట్టు చూపించాలి.

సోమవారం పొద్దున మహబూబ్‌నగర్ కోర్టుకు పోయేటప్పుడు ఆధార్, పెళ్లి ఫోటోలు, పాప బర్త్ సర్టిఫికెట్, ఆ స్టాంపు కాగితం జిరాక్స్, మీరు రాసుకున్న నోట్‌బుక్ తీసుకెళ్లండి. తోడు కావాలంటే అమ్మను తీసుకెళ్లండి, పంచాయితీలో కూర్చున్న వాళ్లను మాత్రం వద్దు.