రెండో తరగతి పిల్లలకు పర్యావరణం గురించి ఎలా చెప్పాలి?

పోస్టర్లు వేయించినా, నినాదాలు చెప్పించినా పిల్లలకు ఎక్కడం లేదని, ఇంకెలా చెప్పాలని అడిగారు. నేను చెన్నైలో చిన్న తరగతులకు చెప్తాను. మా పిల్లల్లో చాలామంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. ఆ వయసులో భూతాపం, ఓజోన్ పొర అసలు వద్దని నా గట్టి అభిప్రాయం. భూమి పాడైపోతోందంటే వాళ్లకు టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. దాని గురించి వాళ్లు చేయగలిగిందేమీ ఉండదు కదా.

నీళ్లతో మొదలుపెట్టండి. కుళాయిలోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయని అడిగితే మా వాళ్లు ట్యాంకు అంటారు. ట్యాంకులోకి? సంపు నుంచి. సంపులోకి? లారీ! అక్కడ ఆగిపోతారు. అప్పుడు మ్యాప్ నేల మీద పరిచి చెన్నైకి నీళ్లిచ్చే రెడ్ హిల్స్, చోళవరం, పూండి చెరువుల మీదుగా వేలు జరుపుకుంటూ ఆంధ్రప్రదేశ్‌లోని కండలేరు డ్యామ్ దాకా వెళ్తాం. కృష్ణా నీళ్లు అక్కడి నుంచి 150 కిలోమీటర్ల పైగా కాలువలో పారి ఊత్తుకోట్టై దగ్గర తమిళనాడులోకి వస్తాయి. పూండికి అవి మొదటిసారి చేరింది 1996లో. ఒక పాప లేచి, "మా అమ్మమ్మది రాపూరు మిస్, ఇవి వాళ్ల నీళ్లేనా?" అంది. కండలేరు డ్యామ్ ఆ రాపూరు దగ్గరే. ఆ రోజు నుంచి క్లాసులో కుళాయి కారుతుంటే ఎవరో ఒకరు పరిగెత్తి కట్టేస్తున్నారు, నేను చెప్పక్కర్లేదు.

తర్వాత వాన నీళ్లు. తమిళనాడులో 2003 నుంచి ప్రతి భవనానికీ వాన నీటి ఇంకుడు ఏర్పాటు తప్పనిసరి. అక్టోబరు వానలకు ముందే పిల్లల్ని బడి మేడ మీద నుంచి దిగే పైపు దగ్గరికి తీసుకెళ్తాను. అక్కడి ఇంకుడు గుంట మీది జాలీకి బాదం ఆకులు, చాక్లెట్ కాగితాలు అతుక్కుని ఉంటాయి. వాళ్లే చేత్తో తీస్తారు. తీయక ముందొక చెంబు నీళ్లు, తీశాక ఒక చెంబు పోయించండి. మొదటిది పక్కకు పొర్లి వీధిలోకి పోతుంది, రెండోది గుటగుటా దిగిపోతుంది. దీని మీద ఇంకేం పాఠం చెప్పాలి!

కాస్త పెద్ద పిల్లలైతే చెన్నైలోని బీసెంట్ నగర్ సముద్ర తీరం గురించి చెప్పండి. గుడ్లలోంచి వచ్చిన తాబేలు పిల్లలు వెలుగు కనిపించిన వైపు వెళ్తాయి, వీధి దీపాలను చూసి సముద్రాన్ని వదిలి రోడ్డు వైపు వచ్చేస్తాయి. ఇది వింటే పిల్లలు ఇంటికెళ్లి లైట్లు ఆపించేస్తారు.

ఒక్క జాగ్రత్త: సంపు మూత ఎప్పుడూ పెద్దవాళ్లే తీయాలి, పిల్లల్ని కాస్త దూరంలో నిలబెట్టి చూపించండి. తల్లిదండ్రులకూ ఈ మాట ముందే చెప్పి ఉంచండి, ఎందుకంటే ఈ పాఠం విన్న పిల్లలు ఇంటికెళ్లి మన సంపు చూపించమని అడుగుతారు.