ఏఐ సీటు వద్దట, ప్లానింగ్ చదువుతుందట.. ఏం చెయ్యమంటారు?

ప్రశ్న: మాది విశాఖపట్నం వన్‌టౌన్. ఆనందపురం వైపు చిన్న చిన్న లేఅవుట్లు వేస్తుంటాను. మా పాప ఇంటర్ ఎంపీసీ సెకండియర్. సీఎస్‌ఈ ఏఐ బ్రాంచికి మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడి ఉంచాను. తనేమో గాలి కాలుష్యం మీద పనిచేస్తాను, ప్లానింగ్ (పట్టణ ప్రణాళిక) చదువుతాను అంటోంది. మా డాబా మీద ఒక తడి తెల్లగుడ్డ, మధురవాడలో వాళ్ల పిన్ని డాబా మీద ఇంకో గుడ్డ ఆరేసి, సాయంత్రానికి రెండూ పక్కపక్కన పెట్టి ఫొటోలు తీసి చూపిస్తోంది. కాలుష్యమే కావాలంటే ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ ఉంది, ఏఐలోనే సస్టెయినబిలిటీ స్పెషలైజేషన్ కూడా ఉందంటున్నారు. మూడూ పోల్చి చెప్పండి. ప్లానింగ్ ఆఫీసుల్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు సార్, అక్కడికెళ్లి ఒక ఆడపిల్ల ఏం మారుస్తుంది?

జవాబు: పోల్చి చెప్తాను గానీ అండీ, ముందు మీ ఆఖరి వాక్యం సంగతి చూద్దాం. మీ టెన్షన్ కోర్సుల గురించి కాదు. పక్కింటి అబ్బాయి సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ చెప్పుకుంటున్న రోజున మీ అమ్మాయి ఏదో ఆఫీసులో మ్యాపులు ముందేసుకుని కూర్చుంటుందేమో, పెళ్లిళ్లలో చుట్టాలు 'అదేం చదువు' అంటే ఏం చెప్పాలో అని మీ భయం. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి, బ్రాంచి పేరే మారుతుంటుంది. భయపడటం తప్పేం కాదు, కానీ దాన్ని కోర్సుల పోలిక కింద దాచకండి.

పాప గుడ్డల పరీక్ష నాకు నచ్చింది. ఆ నలుపు ఎక్కడి నుంచి వస్తోందో మీకు తెలియనిదేం కాదు. పోర్టు 1933లో తెరుచుకుంది, ఊరు దాన్ని చుట్టుకుంటూ పెరిగింది, ఆ వెనకే రిఫైనరీ, ఎరువుల ఫ్యాక్టరీ, స్టీల్ ప్లాంటు వచ్చాయి. అటు కైలాసగిరి వైపు కొండలు, ఇటు యారాడ కొండ, మధ్యలో గిన్నెలాంటి పల్లం. చలికాలం తెల్లవారుజామున పైన వెచ్చటి గాలి ఆ గిన్నెకి మూతలా కూర్చుంటే కింద పొగా దుమ్మూ ఎటూ కదలవు. మీ మరదలు గారి ఇల్లు కొండ అవతల, మీ ఇల్లు గిన్నె లోపల. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో పరిస్థితి మరీ చెయ్యిదాటిన 43 పారిశ్రామిక ప్రాంతాల పేర్లు ప్రకటించినప్పుడు అందులో విశాఖ ఉంది, హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు-బొల్లారం కూడా ఉంది.

పాపకి ఒక్క మాట చెప్పండి. గుడ్డ మీద కనిపించేది ఎక్కువగా పెద్ద దుమ్ము. ఊపిరితిత్తుల లోతుకి దిగిపోయే అతి సన్నటి ధూళి, అంటే పీఎం 2.5, గుడ్డ మీద అంతగా కంటికి ఆనదు. దానికి మన దేశ వార్షిక పరిమితి ఘనపు మీటరుకి 40 మైక్రోగ్రాములు, 2021 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది 5. కాబట్టి మధురవాడ గుడ్డ తెల్లగా ఉందని అక్కడి గాలి మంచిదని తేల్చెయ్యకూడదు. ఈ తేడా పట్టుకుంటే పిల్ల సగం దారిలో ఉన్నట్టే.

ఇక మీ లేఅవుట్ల దగ్గరికొద్దాం, కోపం తెచ్చుకోకండి. గాలి బాగుంటుందా లేదా అన్నది మిషన్ పెట్టి కొలిచే నాటికి ఎప్పుడో తేలిపోయి ఉంటుంది. ఏ సర్వే నంబరు పరిశ్రమలకి, ఏది ఇళ్లకి, మధ్యలో ఎంత ఖాళీ అని మ్యాపు మీద రంగు వేసిన రోజునే తేలుతుంది. మీ విశాఖలోనే ఆర్.ఆర్. వెంకటాపురంలో పాలిమర్స్ ఫ్యాక్టరీ 1961 నాటిది, అప్పటికి అది ఊరి చివర. తర్వాత ఇళ్లు దాని గోడ దాకా వచ్చేశాయి. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరిన్ అనే విషవాయువు లీకై 12 మంది చనిపోయారు. ఫ్యాక్టరీ నిర్వాకం ఎంతైనా ఉండొచ్చు, ఆ గోడ పక్కన ఇళ్లకి చోటిచ్చిందెవరు అన్న ప్రశ్న మాత్రం ప్లానింగ్‌దే.

అంత పెద్ద ప్రమాదం దాకా ఎందుకు, హైవే ఫేసింగ్ అని మీరే గజానికి నాలుగు రాళ్లు ఎక్కువ తీసుకుంటారు కదా. వాహనాల పొగ గట్టిగా ఉండేది రోడ్డుకి మొదటి రెండు మూడు వందల మీటర్లలోనే, దూరం పోయేకొద్దీ తగ్గుతుంది. అంటే మనం ఎక్కువ ధర పెట్టి కొనేది ఎక్కువ పొగ, ఆపైన అక్కడే స్కూలు బిల్డింగు కూడా కడతాం. లేఅవుట్‌లో పది శాతం ఓపెన్ స్పేస్ కాగితం మీద ఉంటుంది, సైటులో ఏ మూలో గోతుల్లో ఉంటుంది. లోపలి రోడ్లు గ్రావెల్‌తో వదిలేస్తే బండి వెళ్లిన ప్రతిసారీ ఆ దుమ్ము పక్కింటి వంటగదిలోకి వెళ్తుంది. బస్సు రూటు లేని చోట ప్లాటు కొన్నవాడు ముందు బైకు కొంటాడు, తర్వాత కారు. ఇరుకు సందుకి రెండు వైపులా ఐదంతస్తులు లేపితే కింద పొగ బయటికి పోవడానికి దారే ఉండదు. ఇవన్నీ చేసి 'ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) వస్తుందిలే, కట్టేస్తే సరిపోతుంది' అనుకుంటాం. ఫీజు కడితే కాగితం సరవుతుంది గానీ రోడ్డు వెడల్పవ్వదు, గాలి ఆడదు.

ప్లానింగ్ ఆఫీసుల్లో ఏం జరుగుతుందో తెలుసన్నారు. తెలియకుండా ఎలా ఉంటుంది, కౌంటరుకి ఇవతల నిలబడేది మీరే కదా! నలభై అడుగుల రోడ్డు చూపించి ముప్పై వేశారని ఫైలు మీద రాసే మనిషి అక్కడొకరు ఉండాలా, వద్దా? ఉండాలంటే ఆ మనిషి ఎవరో ఒకరి కూతురో కొడుకో అవ్వాలి. 'ఆడపిల్ల ఏం మారుస్తుంది' అన్న మాట ఇంకోసారి నాతో అనకండి.

సరే, ఏఐలో సస్టెయినబిలిటీ. దీనిమీద నాకున్న అనుమానాలు కొంచెం విడమర్చే చెప్తాను, ఎందుకంటే ఇప్పుడు ప్రతి బ్రోషర్‌లోనూ ఇదే. ఒకటే పని చేయండి, ఆ కాలేజీలో మామూలు సీఎస్‌ఈ సిలబస్సూ దీని సిలబస్సూ పక్కపక్కన పెట్టి చూడండి. చాలాచోట్ల తేడా రెండు మూడు ఎలక్టివ్‌లు మించదు. వాటిని చెప్పే వాళ్లలో వాతావరణ శాస్త్రం గానీ, కాలుష్యం గానీ చదివినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా అని అడగండి, గట్టిగానే అడగండి, ఫీజు మీది. రెండోది, గాలి విషయంలో మన కొరత సాఫ్ట్‌వేర్ కాదు. సెన్సర్లు ఉన్నాయి, యాప్‌లు ఉన్నాయి, కూడళ్లలో ఎర్రంకెలు చూపించే బోర్డులూ ఉన్నాయి. ఆ అంకె చూసి ఒక్క లారీ ఆగదు, ఒక్క బొగ్గు గుట్ట మీద టార్పాలిన్ పడదు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం నిధుల్లో పెద్ద వాటా రోడ్డు దుమ్ము ఊడ్చే పనులకే పోయింది. ఆ దుమ్ము రోజూ ఎక్కడి నుంచి వచ్చి పడుతోందో చెప్పి, అక్కడ ఆపే మనుషులు తక్కువ. ఇక ఈఎస్‌జీ (కంపెనీల పర్యావరణ, సామాజిక, పాలన బాధ్యతల) ఉద్యోగాలంటారు, అందులో ఎక్కువ భాగం కంపెనీలకి రిపోర్టులు రాయడం. అదీ గౌరవమైన పనే, జీతమూ వస్తుంది, కానీ దాంతో వన్‌టౌన్ గాలి బాగుపడుతుందని పిల్లని నమ్మించకండి. తనకి కోడింగ్ నిజంగా ఇష్టమైతే మామూలు సీఎస్‌ఈ చదివించండి, ఈ తోక అక్కర్లేదు.

ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ మంచి చదువు. కాకపోతే మన దగ్గర డిగ్రీ స్థాయిలో సీట్లు తక్కువ, ఎక్కువమంది సివిల్ చేసి ఎంటెక్‌లో అటు వెళ్తారు. పని కూడా నీళ్లు, మురుగు శుద్ధి వైపే ఎక్కువ ఉంటుంది. గాలి వైపు వెళ్లాలంటే పర్యావరణ ప్రభావ అంచనాలు చేసే కన్సల్టెన్సీలు ఉన్నాయి, చిమ్నీ పొగ ఏ గాలికి ఎంత దూరం పోతుందో లెక్కగట్టే మోడలింగ్ అక్కడ రోజువారీ పని. లెక్కలు బాగా వచ్చిన పిల్లకి అది బోరు కొట్టదు.

ప్లానింగ్‌లో ఉన్న కష్టం కూడా దాచను. మొదటి నాలుగైదేళ్లు జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లతో పోటీ పడదు. కన్సల్టెన్సీలో జీఐఎస్ మ్యాపులు (కంప్యూటర్‌లో గీసే మ్యాపులు), సర్వేలు, డీపీఆర్‌లు (ప్రాజెక్టు నివేదికలు), ఎండలో తిరుగుడు. ప్రభుత్వ నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలీదు. 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది, రాష్ట్రాల టౌన్ ప్లానింగ్ శాఖలకి 12,000కి పైగా ప్లానర్ పోస్టులు అవసరమైతే మంజూరైనవి 4,000 లోపు, అందులోనూ 42 శాతం ఖాళీ. పైగా చాలా రాష్ట్రాల్లో ఆ పోస్టుకి ప్లానింగ్ డిగ్రీ తప్పనిసరి కూడా కాదట. దేశంలో ఉన్న 7,933 పట్టణాల్లో 65 శాతానికి మాస్టర్ ప్లానే లేదని అదే నివేదిక. దీన్ని 'ఉద్యోగాల్లేవు' అని చదువుకోవచ్చు, 'చెయ్యాల్సిన పని కుప్పలుగా ఉంది' అనీ చదువుకోవచ్చు. నేను రెండూ నిజమే అంటాను. జర్మనీలో స్టుట్‌గార్ట్ కూడా మీ ఊరిలాగే కొండల మధ్య పల్లంలో ఉంది. అక్కడి నగరపాలక సంస్థ 1938లోనే ఒక వాతావరణ నిపుణుణ్ని ఉద్యోగంలో పెట్టుకుంది. రాత్రిపూట కొండల మీంచి దిగే చల్లగాలికి అడ్డం రాకుండా ఎక్కడ కట్టొచ్చో, ఎక్కడ కట్టకూడదో ఇప్పటికీ చూసుకుంటారు. ఇది ఎక్కడా లేని పనేం కాదు, మనం ఇంకా మొదలుపెట్టని పని.

కాబట్టి విజయవాడ ఎస్‌పీఏలోనో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్), హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలోనో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) సీటు వస్తే నిశ్చింతగా పంపండి. విజయవాడలోనైతే పీజీలో పర్యావరణ ప్లానింగ్ కూడా ఉంది. రాకపోతే ప్రపంచం మునిగిపోదు. ఏదైనా కుదురైన కాలేజీలో సివిల్ చదివి, తర్వాత ఎం.ప్లాన్‌కి (ప్లానింగ్‌లో పీజీ) వెళ్లొచ్చు, ఆ దారిలో వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ఊరూ పేరూ లేని చోట ప్లానింగ్ సీటు మాత్రం వద్దు, కోర్సు పేరు చూసి చేరడం ఏఐలో ఎంత తప్పో ఇక్కడా అంతే. మధ్యలో మనసు మారినా జీఐఎస్, డేటా పని వచ్చిన పిల్ల ఖాళీగా కూర్చోదు. పదిహేడేళ్ల పిల్ల రెండు డాబాల మీద గుడ్డలు ఆరేసి తేడా చూసిందంటే, తనకేం కావాలో మీకంటే నాకంటే తనకే ఎక్కువ తెలుసు. ఈ విషయంలో కాస్త నిద్రపోండి.

పరీక్షలయ్యాక ఒక ఆదివారం ఆనందపురం సైటుకి పాపని తీసుకెళ్లండి. వీఎంఆర్‌డీఏ (విశాఖ నగరాభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్ ఫోనులో తెరిచి మీ సర్వే నంబరు ఏ రంగులో ఉందో, ఓపెన్ స్పేస్ కాగితంలో ఎక్కడుందో, నేల మీద ఎక్కడుందో తననే వెతకమనండి. టేపు పట్టి రోడ్డు కొలవమనండి. గంటలో విసుగొచ్చి ఇంటికి పోదాం అంటే నాకు మళ్లీ రాయండి, వేరే దారి ఆలోచిద్దాం. సాయంత్రం దాకా మిమ్మల్ని ప్రశ్నలతో కాల్చుకు తింటే మాత్రం ఆ మేనేజ్‌మెంట్ సీటు వాళ్లకి ఫోన్ చేసి వద్దని చెప్పేయండి. అప్పటిదాకా అడ్వాన్సు కట్టకండి, కట్టాక తిరిగి రాబట్టుకోవడం అంత తేలిక కాదు.