తెలుగు న్యూస్‌లెటర్ చెదిరిపోతుంటే ముందు దాని బరువు చూడండి

"నా జీమెయిల్‌లో మా న్యూస్‌లెటర్ బాగానే ఉంది. కానీ కొందరికి కింది సగం కనబడటం లేదట, ఆఫీసుల్లో చూసేవాళ్లకు బొమ్మలు చెదిరిపోతున్నాయట. ఎక్కడి నుంచి సరిచేయాలి?" అని ఒకరు అడిగారు. టెంప్లేట్ మార్చే పని ఇప్పుడే పెట్టుకోకండి. ముందు హెచ్‌టీఎంఎల్ ఫైల్ (మెయిల్ వెనకుండే కోడ్) ఎన్ని కేబీలుందో చూడండి. తెలుగులో మెయిల్ పంపేవాళ్ల కష్టాల్లో సగం అక్కడే ఉంటాయని నా నమ్మకం.

ఈ సంగతి నాకు వరంగల్ కొత్తవాడలో తెలిసొచ్చింది. షత్రంజీలు (దరీలు) నేసే కొందరు కలిసి, పాత కొనుగోలుదార్లకు నెలకోసారి మెయిల్ పంపే పని నాకు అప్పజెప్పారు. మొదటి మెయిల్ ప్రేమగా రాశాను. వరంగల్ దరీలకు 2018లో జీఐ (ఫలానా ఊరి సరుకు అనే) గుర్తింపు వచ్చిన ముచ్చట, నూలు, అద్దకం, మగ్గం, అన్నీ పైన. సైజులు, రేట్లు, ఫోన్ నంబర్ అడుగున. రెండో రోజు ఆ నేతగాళ్లలో పెద్దాయన ఫోన్ చేశాడు. "బిడ్డా, రేట్లు పెట్టిన అంటివి. హైదరాబాద్ ఆయన ఫోన్ చేసి మెయిల్ల రేట్లే లేవంటుండు. ఏడ పెట్టినవ్?"

"అడుగున ఉన్నయి కాకా" అన్నాను. తీరా పెద్దాయన ఫోన్లో తెరిచి చూస్తే అద్దకం గురించి చెప్పే పేరా మధ్యలో మెయిల్ ఆగిపోయింది. దాని కింద, మిగతాది చూడాలంటే నొక్కమని చిన్న లింకు. ఎవరు నొక్కుతారు? నేను ఎడిటర్‌లో ప్రివ్యూ చూసి పంపానే తప్ప, నిజంగా పంపి ఒక్క ఫోన్లో కూడా తెరిచి చూడలేదు.

హెచ్‌టీఎంఎల్ దాదాపు 102 కేబీ దాటితే జీమెయిల్ అక్కడికి కోసేస్తుంది. లింకుతో వచ్చే బొమ్మలు ఈ లెక్కలోకి రావు, రాత, దాన్ని ఎలా చూపాలో చెప్పే ట్యాగులే వస్తాయి. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటైతే, యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతిలో) మన అక్షరం మూడు బైట్లు. గుడి, కొమ్ము, పొల్లు, ఒక్కోదానికి మళ్లీ మూడు. 'స్త్రీ' అని రాస్తే 18 బైట్లు. మీ ఎడిటర్ అక్షరాలను అంకెల కోడ్‌గా మార్చే రకమైతే అదే మాట 42 బైట్లు అవుతుంది. నేను వర్డ్ నుంచి కాపీ చేసి అతికించాను కాబట్టి ప్రతి ముక్క చుట్టూ ఫాంటు పేర్లతో స్పాన్ ట్యాగులు చేరాయి. ఫైల్ 130 కేబీ! రాతంతా నోట్‌ప్యాడ్‌లో వేసి, అక్కడి నుంచి టెంప్లేట్‌లోకి తెచ్చుకుంటే 40 కేబీ కూడా లేదు. రేట్ల పట్టిక పైకి తెచ్చాను.

ఇక ఆఫీసుల సంగతి. విండోస్‌లోని పాత అవుట్‌లుక్ 2007 వెర్షన్ నుంచి మెయిల్‌ను వర్డ్ ఇంజన్‌తో చూపిస్తుంది. దానికి మాక్స్-విడ్త్ (బొమ్మ ఇంతకు మించి వెడల్పు కాకూడదనే ఆదేశం) అర్థం కాదు, అందుకే మా షత్రంజీ ఫొటో స్క్రీన్ దాటిపోయింది. బొమ్మ ట్యాగులోనే విడ్త్ అంకె రాయండి. డివ్‌లకు (కోడ్‌లో పెట్టెల్లాంటి భాగాలకు) ఇచ్చిన ప్యాడింగ్‌ను, అంటే లోపల వదిలే ఖాళీని నమ్మకండి, పాతకాలపు టేబుల్ గడుల్లో ఇవ్వండి. లైన్ హైట్ (వరస ఎత్తు) బిగించారేమో కూడా చూడండి. ఇంగ్లిష్ కోసం చేసిన టెంప్లేట్లలో వరస మరీ ఇరుకుగా ఉంటుంది. నా మెయిల్‌లో 'మగ్గం' కింద వత్తు తెగిపోయి 'మగం' అని కనబడింది. నేతపని వాళ్ల మెయిల్‌లో ఆ మాటే తెగితే ఎంత బాధ! 16 పిక్సెళ్ల అక్షరానికి 26 పిక్సెళ్ల వరస ఇచ్చాక సర్దుకుంది.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. "ఈ గొడవంతా ఎందుకు, డీటీపీ సెంటర్లో పోస్టర్ చేయించి ఒక్క బొమ్మగా పంపు" అని చాలామంది చెబుతారు. దయచేసి అలా చేయకండి. చాలా ఆఫీసుల్లో బొమ్మలు వాటంతటవే తెరుచుకోవు, ఖాళీ గడి కనబడుతుంది. రేపు ఎవరైనా 'షత్రంజీ' అని ఇన్‌బాక్స్‌లో వెతికితే బొమ్మలోని మాట దొరకదు. చూపు లేనివాళ్లకు ఫోన్ చదివి వినిపించనూ లేదు. ఆ పోస్టర్ రాతను కాపీ చేద్దామన్నా, యూనికోడ్ (అన్నిచోట్లా ఒకేలా చదవగలిగే అక్షర పద్ధతి) కాని ఫాంటైతే మెయిల్‌లో పిచ్చి అక్షరాలు పడతాయి.

సైజు తక్కువగానే ఉండి ఇంకా చెదురుతుంటే, మెయిల్‌లో కింది సగం తీసేసి మీకే పంపుకుని చూడండి. బాగైతే తప్పు తీసేసిన సగంలో ఉంది, దాన్ని మళ్లీ సగం చేయండి. నాలుగైదు సార్లలో దొరుకుతుంది. ఫైల్ ఎన్ని కేబీలుందో, చెదిరింది ఏ అవుట్‌లుక్‌లోనో కింద రాయండి, చూసి చెబుతాను.